పౌడరు రాసిన సీను

ఆ సినిమా శ్రీకాకుళంలో ఆడింది వారం రోజులే. నన్ను మాత్రం మూడు నెలలు విసిగించింది.

కాలేజీలో తెలుగు చెబుతూ, ఒక పత్రిక ఆదివారం పేజీకి అప్పుడప్పుడు సినిమా సమీక్షలు రాసేదాన్ని. భర్త పోయిన నడివయసు ఆవిడకీ, బోరు మోటారు బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్‌కీ మధ్య ఏర్పడిన సంబంధం ఆ సినిమా కథ. పడకగది సీన్లు దాపరికం లేకుండా తీశారు. బూతని కొందరు, కళాఖండమని కొందరు టీవీల్లో ఒకటే కొట్లాట. మా స్టాఫ్ రూములోనూ అదే గొడవ. ఒక్కరూ చూడలేదు.

"చూడకుండా ఎలా తిడుతున్నారు సార్?" అని సీనియర్ లెక్చరర్‌ని అడిగాను.

"తిట్టడానికి సూడాలేటమ్మా? ట్రైలర్ సాలదా?" అన్నారాయన.

సమీక్ష రాయమని ఎడిటర్ ఫోన్ చేశారు. ఒక్కదాన్నీ వెళ్లలేక మా వదినను తోడు తీసుకెళ్లాను. ఆవిడ మా ఆయన అక్క. వాళ్లాయన పోయి ఎనిమిదేళ్లయింది. కోటబొమ్మాళిలో వ్యవసాయం తనే చూసుకుంటోంది. పంటి నొప్పి చూపించుకోవడానికి ఆ రోజు మా ఇంటికి వచ్చింది. మ్యాట్నీకి ఆడవాళ్లం మేమిద్దరమే. జనం తెరకంటే మమ్మల్నే ఎక్కువ చూశారు.

ఆ సీన్లు బూతు కావనీ, అలాగని గొప్పవీ కావనీ, రెండో సగం మరీ సాగదీశారనీ రాశాను. ఎడిటర్ దానికి 'అవసరమైన శృంగారమే!' అని శీర్షిక పెట్టేశారు. ఇక చూడండి. పిల్లల్ని చెడగొడుతున్నానని ఒకరి ఫోను. కళ తెలియని పంతులమ్మనని ఫేస్‌బుక్‌లో ఇంకొకరు. ప్రిన్సిపాల్ పిలిచి, "రాసింది బాగానే ఉంది గానీ మేడమ్, మీరు హాలుకెళ్లి చూడటమే..." అని ఆగిపోయారు. సినిమా ఎలా ఉందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఈ చిరాకంతా వెళ్లగక్కుదామని వదినకి ఫోన్ చేశాను. అంతా విని, "సదివేనులే. అందరూ ఆ సీన్లే పట్టుకున్నారని ఏడుస్తన్నావు, నువ్వూ వాటి గురించే రాసేవు కదేటి?" అంది.

"మరింకేం రాయాలి వదినా?"

"సెమటకాయలకి ఆడు ఆవిడ వీపు మీద పౌడరు రాస్తాడు సూడు, ఆ ముక్క ఏదీ?"

సాగదీశారని నేను రాసింది ఆ సీను గురించే.

"మన సెయ్యి అందని సోటుంటాది గదే. ఎండాకాలం వచ్చిందంటే అక్కడే మండుతాది. రాయడానికి మనిషుండడు. గోడకేసి రుద్దుకుంటాను నాను. నీకేటి తెలుస్తాది?"

అంతమందిని తిట్టుకున్నదాన్ని, పక్క కుర్చీలో మనిషి ఏం చూసిందో అడగలేదు. ముందు నా మీద నాకే మండింది.

ఆ వారమే ఒక్క ఆ సీను మీదే మళ్లీ రాసి పంపాను.

"గొడవ సల్లారిపోయింది మేడమ్. ఇప్పుడిదెవరు సదువుతారు?" అన్నారు ఎడిటర్.

ఇంకో రెండు పత్రికలకి పంపితే జవాబే లేదు. చివరికి వదినకే ఫోన్లో చదివి వినిపించాను. ఆవిడ మధ్యలో ఆపి, "ఒసే, కుక్కరు కూస్తన్నాది, ఆగు," అని వెళ్లి, మళ్లీ వచ్చి మిగతాది చదివించుకుంది.