తలుపు చాటున నిర్దోషి

ఎగ్జానరేట్, అక్విట్, క్లీన్ చిట్. నిందపడ్డ మనిషిని విడిపించడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలో! ఎవరైనా వాటిని గొప్పగా పలికితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది నారాయణపేటలో మగ్గం ఇల్లు. అరవైలలో మా బాపు నేతగాళ్ళ సొసైటీలో నూలు తెచ్చుకుని చీరలు నేసేవాడు. ఒకరోజు సొసైటీ గదిలో పట్టు కట్ట కనబడలేదు. ఆ గదిలోంచి చివరగా బయటికొచ్చింది మా బాపేనట. సొసైటీ ప్రెసిడెంటు బజారు నడుమ నిలబడి, అచ్చ తెలుగులో, "దొంగ" అన్నాడు. ఆ మాట అర్థంకాని మనిషి మా వాడలో లేడు.

తర్వాత పై ఆఫీసరొచ్చి వెతికిస్తే, కట్ట ఆ గదిలోనే బస్తాల వెనక దొరికింది. అప్పుడు ప్రెసిడెంటుగారికి ఎక్కడలేని ఇంగ్లీషూ వచ్చేసింది. బాపును లోపలికి పిలిచి, తలుపు దగ్గరకేసి, "నిన్ను ఎగ్జానరేట్ చేసిన్రు, ఇగ పో" అన్నాడు. అబ్బో, ఏం మర్యాద!

మాకు కావలసింది చేతులు. పడుగును, అంటే చీర నిలువు దారాలను, వీధి పొడవునా సాచి గంజి పట్టించడం ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఆరేలోపు కుంచెతో దువ్వెయ్యాలి. అందుకే తెల్లారగానే ఇరుగుపొరుగు పిలవకుండానే వచ్చి తలో చెయ్యి వేస్తారు. దొంగ అన్న రోజు నుంచి మా పడుగును ఎవరూ ముట్టలేదు, కట్ట దొరికాక కూడా. పడుగు లేనిదే మగ్గం ఆడదు, మగ్గం ఆడనిదే పొయ్యి వెలగదు.

అమ్మ ప్రెసిడెంటు ఇంటికే పోయింది. నేనూ వెంట పోయాను.

"అన్నా, రేపు పడుగు సాపుతున్నం. నువ్వొచ్చి జర చెయ్యి పెట్టు. నువ్వు ముడితే అందరు ముడతరు."

"దొంగ కాదని కాయిదం మీద ఎక్కింది గదమ్మా. ఇంకేం గావాలె?"

"దొంగ అన్నది బజార్ల గద. గిది కాయిదంల ఎందుకు?"

ప్రెసిడెంటు లేచి లోపలికి పోయాడు, సిగ్గుమాలిన మనిషి.

మర్నాడు మా పడుగు మేమే సాచాం. కుంచె సగం దూరం పోకముందే ఆ కొసన గంజి ఎండి దారాలు అట్టకట్టాయి. ప్రెసిడెంటు తన అరుగు మీద పళ్ళు తోముకుంటూ చూస్తున్నాడు. ఇరుగుపొరుగు ఆయన ముఖం చూసి గడపల్లోనే ఆగిపోయారు. బాపు చెడిన పడుగును కోసి చుట్టేశాడు. ఆ వారమే షోలాపూర్ మిల్లులో కూలికి పోయాడు. సొంత మగ్గం గుంటలో మళ్ళీ కాలు పెట్టలేదు.