ఇప్పచెట్టు కింద నా గోడు

తన చావుకు తానే ఎదురెళ్లి, దాని పక్కనే చతికిలబడి, పైగా దాన్ని నిలదీసి తిట్టిన మనిషి గురించి మీరెక్కడైనా విన్నారా? వినకపోతే వినండి. ఆ మహానుభావుణ్ణి నేనే.

అవి బస్తరు రాజుగారి ఏలుబడి రోజులు. మాది మద్దేడ్ దగ్గర ఒక పల్లె. పెళ్లీడుకొచ్చినా నాకు ఊరికే గుండెదడ. ఆకు కదిలితే దడ, కదలకపోతే ఎందుకు కదల్లేదని దడ. ఒంటరిగా పొలానికి కూడా పోలేకపోయేవాణ్ణి. మా మేనత్త వైద్యం మొదలుపెట్టింది. మందూ లేదు, మంత్రమూ లేదు. రోజూ పొద్దున్నే అడవిదారిలో నన్ను నడిపించడమే. కొన్నాళ్లు ఈ చెట్టు దాకా, ఇంకొన్నాళ్లు ఆ పై చెట్టు దాకా. ఏడాది తిరిగినా దడ తగ్గినట్టు నాకు తోచలేదు. ఈ నత్తనడక వైద్యం మానేసి జగదల్‌పూర్ దవాఖానాకు పోతానని చెప్పేద్దామనుకున్నాను.

అది ఇప్పపూలు రాలే కాలం. "నేను ముందుగాల పోయి మన చెట్టు కింద పూలు ఏరుతుంట. నువ్వు ఎనక ఒక్కనివే రా, అల్లుడా" అంది అత్త.

కోపం మీద బయలుదేరాను. ఇంకా సరిగా తెల్లవారలేదు. చెట్టు కింద నల్ల గొంగడి కప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చునుంది అత్త. మొహం చూస్తే మాట పెగలదని, పక్కగా చతికిలబడి నేల చూస్తూ అందుకున్నాను.

"అత్తా, నీ వైద్యం నాకొద్దు. ఏడాదాయె, ఏం లాభమైంది?"

"హుఁ!"

"హుఁ అంటే ఏంది? నేను ఏడుస్తుంటే నువ్వు పూలు తినుకుంట కూసుంటవా?"

జవాబుగా బుసలు. అత్తకు ఆయాసం ఉంది కనుక అవి నాకు వింతగా అనిపించలేదు.

"నడువు, నడువు! నీకొచ్చిన వైద్యం గదొక్కటే! జర ఇటు తిరిగి మాట్లాడు!"

తిరిగింది. మూతి ఇంత పొడుగుంది. తాడును చూసి పామనుకోవడం లోకం తీరు. ఎలుగుబంటిని చూసి అత్తనుకోవడం నా తీరు.

ఇంతలో కొడవలితో చెంబును టంగుటంగున మోగిస్తూ, వెనక నుంచి అసలు అత్త పరుగెత్తుకొచ్చింది. ఎలుగు అడవిలోకి ఉరికింది. ఆ మోతకు పారిపోయిందో, నా గోడు భరించలేక పోయిందో ఇప్పటికీ తేలలేదు.

"ముందుగాల పోత అంటివి గద అత్తా, ఎనక నుంచి ఎట్లొచ్చినవు?"

"నిన్ను ఒక్కన్ని ఎట్ల ఇడిచిపెడ్తరా? కంచె చాటున నిలవడి, నువ్వు కదిలినంక నీ ఎనకాలనే వచ్చిన. ఒక్కసారన్న ఎనక్కి తిరిగి చూసినవా? ఇంత దూరం ఒక్కనివే నడిస్తివి. ఎలుగును గద్దిస్తుంటే, నా అల్లునికి భయం పోయిందని ఎంత మురిసిపోయిన్నో!"

"అది ఎలుగని నాకెరుకనా? నువ్వనుకున్న!"

అత్త మొహం మారింది. "అంటే గా తిట్లన్నీ నాకేనారా?"

అన్ని తిట్లు విన్న మనిషి, మర్నాడు తెల్లవారేసరికి మా వాకిట్లో నిలబడి "లే, నడువు" అంది. జగదల్‌పూర్ మాట నేను మళ్లీ ఎత్తలేదు. దడ మెల్లమెల్లగా పలచబడింది. ఇప్పటికీ అప్పుడప్పుడు వచ్చి పలకరిస్తుంది, లేచి ఓ చెట్టు దాకా నడిచొస్తాను. నా కాళ్లలో ఉన్న ధైర్యమంతా ఆమె పెట్టిన భిక్షే.

అందుకే అడవితల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నాకు మేలు చేసేవాళ్లను ఇకమీదట తిట్టను. తిట్టక తప్పకపోతే, ముందు వాళ్లు మనుషులేనని రూఢి చేసుకుని మరీ తిడతాను.