బాబాయ్‌కి బంతి వెతికింది నేనే

నిన్న ఆఫీసు మీటింగ్‌లో ఉండగా పిన్ని ఫోన్ చేస్తే కట్ చేశాను. మళ్ళీ చేస్తే మళ్ళీ కట్ చేశాను.

మూడోసారి ఎత్తాను.

"మీ బాబాయి ఎల్లిపోనారమ్మా," అన్నారు.

పొద్దున టిఫిన్ తిని కూర్చున్న కుర్చీలోనే. గుండె.

లాప్‌టాప్‌లో ఎవరో నా పేరు పిలుస్తూనే ఉన్నారు. మూత మూసేశాను.

అప్పలరాజు బాబాయ్ నాకు రక్తసంబంధం కాదు. విజయవాడ నుంచి కోల్‌కతా వచ్చిన కొత్తలో, మాల్‌లో బంతి దొర్లించి పిన్స్ పడగొట్టే బౌలింగ్ ఆట ఆడుతూ నన్ను నేను తెలుగులో తిట్టుకుంటుంటే, పిన్స్ నిలబెట్టే మెషిన్ వెనక నుంచి స్పానర్‌తో బయటికొచ్చి నవ్విన మనిషి. అక్కడ మెకానిక్. వాళ్ళ నాన్నగారు శ్రీకాకుళం నుంచి ఇక్కడి ఓడరేవు డాక్‌లో పనికొచ్చారు, ఈయన ఆ పక్కనే ఏక్‌బాల్‌పూర్‌లో పుట్టారు. రిటైరయ్యాక మా ఆదివారం టీమ్‌లో చేరారు. మా అందరికంటే బాగా ఆడేవారు.

ఆయన బంతి పాతికేళ్ళ నాటిది. ఎవరో కస్టమర్ ఇచ్చేసి వెళ్ళింది. సగం లేన్ దాటకముందే మెల్లగా వంపు తిరిగి, ఏ తొందరా లేకుండా వెళ్ళి పిన్స్‌ని పడగొట్టేది.

పోయినేడు అది పగిలింది.

మేమంతా కలిసి తళతళలాడే కొత్త మోడల్ కొనిచ్చాం. అది చివరిదాకా నిటారుగా పోయి చటుక్కున తిరిగేది. ఇప్పుడన్నీ ఇలాగే వస్తున్నాయి దాదా, మీరే చెయ్యి తిప్పే తీరు మార్చుకోండి అన్నాడు షాపువాడు. బాబాయ్ రెండు వారాలు వేసి చూసి నాకు తిరిగిచ్చేశారు.

"బంతి మంచిదేనమ్మా. నా సేతికి సుట్టం కాదు, అంతే."

నాకు ఒళ్ళు మండింది. మొండి ముసలాయన అనుకున్నాను కూడా.

ఆ తర్వాత ఆరు నెలలు ఆయన ఆడలేదు.

అప్పుడే నా ఫోన్‌లో పాత వీడియో ఒకటి దొరికింది. బాబాయ్, ఆ పాత బంతి. స్లో మోషన్‌లో పెట్టి, వంపు మొదలైన చోట ఆపి, స్క్రీన్ మీద స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టాను. ఇక తేలిక బంతి ఎవరిది దొరికితే అది ఆయన చేత వేయించి, అదే చోట నిలబడి వీడియో తీయడమే పని.

పదకొండు బంతులు. ఒక్కటీ చుక్క దగ్గర తిరగలేదు.

పన్నెండోది షాపులో ఓ మూల పడి ఉన్న సాదా రకం. అదీ కొంచెం ఆలస్యంగానే తిరిగింది. బాబాయ్ దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, తడిపిన గరుకు కాగితంతో మెరుపంతా పోయేదాకా రుద్దారు. నున్నగా ఉంటే జారిపోద్ది, గరుగ్గా ఉంటే నేలని పట్టుకుంటాది అని నాకు పాఠం చెప్పారు.

మర్నాడు వేశారు. సరిగ్గా చుక్క దగ్గర తిరిగింది.

చూడండి బాబాయ్ అని పరిగెత్తాను. ఫోన్ వంక కన్నెత్తి చూస్తే ఒట్టు.

"ఏటి సూడాల? సేతికి తెలిసిపోనాది."

ఏడు వారాలు ఆడారు.

నిన్నటి నుంచి మన వాట్సాప్ గ్రూపులో కొందరు అడుగుతున్నారు, ఆ వయసులో ఆయనకి బంతుల పిచ్చి ఎక్కించి గుండె మీదికి తెచ్చింది ఎవరని.

నేనే. పేరు పెట్టి రాయండి.

ఆయన్ని చూసే డాక్టర్ ఆడొద్దనలేదు. తేలిక బంతి వాడమన్నారు, తేలికదే వెతికాం. ఆయన లేచొస్తే ఇంకో పదకొండు వెతుకుతాను.

కానీ ఇవాళ పొద్దున ఏక్‌బాల్‌పూర్ వెళ్ళి వాళ్ళ సందు మొదట్లోనే ఆగిపోయాను. పిన్ని కూడా అదే మాట అంటే?

పిన్ని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఆట మానేసిన ఆర్నెల్లూ నాతో మాటే నేదు. ఈ ఏడు వారాలూ ఆడొచ్చిన పెతిసారీ, బంతెలా ఎల్లిందో సెయ్యి తిప్పి సూపించేవోరు. నాకేటీ తెల్దు. అయినా సూసీదాన్ని."

కార్యక్రమాలన్నీ అయిన తర్వాతి ఆదివారం మా టీమ్ ఆడుతుంది. బాబాయ్ వంతు పిన్ని వేస్తారు. అడిగింది ఆవిడే. బాగోదనుకునేవాళ్ళు రావద్దు.

వెళ్ళిరండి బాబాయ్. ప్రశాంతంగా ఉండండి.

ఆ ఏడు వారాలకి నేను ఎవరికీ సారీ చెప్పను.