కుక్కపిల్లకు సూది వేయనన్నాను

1974లో నన్ను పటాన్‌చెరు పశువుల ఆసుపత్రికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. మా శాఖ డాక్టర్లలో అది కింది మెట్టు. మా పైన సంగారెడ్డిలో జిల్లా అధికారి. ఎడ్లకు గాలికుంటు టీకాలు, బర్రెల కాన్పులు మా రోజువారీ పని. అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తుండడంతో క్వార్టర్లలోని కుక్కలు కూడా మా దగ్గరికి రావడం మొదలైంది.

ఆ వానాకాలంలో ఒక ఫ్యాక్టరీ మేనేజరు జీపు పంపించారు. ఆయనది కృష్ణా జిల్లా, తల్లితో, భార్యతో క్వార్టర్లో ఉండేవారు. గొలుసుతో కట్టేసిన అల్సేషన్ పిల్లను చూపించారు. ఇంట్లోనే ఉచ్చ పోస్తోందట, కొట్టినా, అందులో ముక్కు రుద్దినా మారలేదట, సూది వేసి పని ముగించాలట. టీ తెమ్మన్నంత తేలిగ్గా చెప్పారు. ఎవరికైనా ఇచ్చేయవచ్చు కదా అన్నాను. పనికిరాని కుక్కను అంటగట్టాడని నలుగురూ నవ్వుతారన్నారు.

ప్రాణం తీసే సూదికి మాకో పద్ధతి ఉంది. మానని జబ్బో, పిచ్చో, తట్టుకోలేని బాధో ఉందని డాక్టరు స్వయంగా పరీక్షించి తేల్చాలి. పరీక్షించాను. జ్వరం లేదు, పొట్ట మెత్తగా ఉంది, మూత్రం తేటగా ఉంది. చెయ్యెత్తితే మాత్రం భయంతో అక్కడే పోసేస్తోంది. నాకు ఒళ్ళు మండింది. పాలపళ్ళు ఊడని పిల్ల, ఆ వయసులో ఎక్కువసేపు ఆపుకోలేదు.

అది పోసే చోటు చూపించమన్నాను. దేవుడి గది గుమ్మం పక్కన. అక్కడ ఘాటైన వాసన, కుక్కది కాదు. అడిగితే మేనేజరు తల్లి చెప్పారు. పిల్ల పాడుచేసిన ప్రతిసారీ అక్కడ కడిగి, మైల పోవడానికి గోమూత్రం చల్లుతున్నారు.

"అమ్మా, మీకు అది శుద్ధి. దానికి మాత్రం ఉచ్చ వాసననే. ఈడనే పోయాలె అని మీరే రోజూ చెప్తున్నరు," అన్నాను.

ఆమె నొచ్చుకున్నారు. "శుద్ధి చెయ్యకుండా దీపం ఎలా పెట్టనయ్యా?" అన్నారు.

ఇంట్లో సబ్బునీళ్ళతో బాగా కడిగి పసుపునీళ్ళు చల్లుకోమన్నాను. గోమూత్రం పెరట్లో ఒక మూల చల్లమన్నాను. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడుకున్నాక పిల్లను ఆ మూలకు తీసుకుపోవాలి. అక్కడ పోస్తే అప్పటికప్పుడే మెచ్చుకోవాలి. ఇంట్లో ఎప్పుడో పోసినదానికి తర్వాత కొడితే దెబ్బ దేనికో దానికి అర్థం కాదు.

మేనేజరుకు అంత ఓపిక ఎక్కడిది? జిల్లా అధికారికి ఫోన్ చేసి రిసీవరు నా చేతికిచ్చారు.

"లొల్లి ఎందుకయ్యా, సూది ఏసి రారాదు," అన్నారు మా అధికారి.

"నేను వెయ్య సార్. వెయ్యాల్నంటే మీరే వచ్చి వెయ్యుండ్రి," అని ఫోన్ పెట్టేశాను. ట్రాన్స్‌ఫర్ చేయిస్తానన్నారు మేనేజరు. చేయించుకోండన్నాను.

అప్పుడా పెద్దావిడ లేచి కొడుకు ముందే గొలుసు విప్పారు. "వాడి మాటకేం గానీ, ఏ మూలో చూపించు బాబూ," అన్నారు. ఆ వానల్లో గొడుగు పట్టుకుని పిల్లను రోజూ ఆవిడే పెరట్లోకి తిప్పారు. మా అధికారి సూది పట్టుకుని రానే లేదు.

చలికాలం పోకముందే నాకు నారాయణఖేడ్ వైపు బదిలీ అయింది. వెళ్ళేముందు ఆ ఇంటికి పోయాను. కుక్క తలుపు దగ్గరికి వెళ్ళి గీరింది, పెద్దావిడ తీశారు, అది పెరట్లోకి పరిగెత్తింది. మేనేజరు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. తిప్పుకుంటే తిప్పుకోనీ, కుక్క బతికింది.

యజమానికి విసుగు పుట్టినంత మాత్రాన జంతువుకు జబ్బు ఉన్నట్టు కాదు. తర్వాత కూడా చాలామంది ఆరోగ్యంగా ఉన్న కుక్కలకు సూది వేయమని వచ్చారు. ఎందుకు చంపాలో కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. ఒక్కరూ పెట్టలేదు.