పెద్ద మంట నిలవని ఆదివారాలు

కృపామణి హైత్సుంగ్ మెకానిక్ అంటే మా సంఘానికి కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మరు. హైత్సుంగ్ అంటే ఇళ్ళను వెచ్చబెట్టే యంత్రం. ఏలూరు ఎండల్లో పెరిగిన మనిషి జర్మనీలోని ఈ బ్యోబ్లింగెన్ వచ్చి జర్మన్ల చలి పోగొట్టడమేమిటని మొదట్లో నేనూ నవ్వాను. భర్త జయసాగర్‌ది కార్ల కంపెనీలో ఉద్యోగం. ఇంట్లో కూర్చుని గోడలు చూడలేక ఆమె ఈ పని నేర్చుకుని, నిరుడు చలికాలానికి ముందు ఒక చిన్న కంపెనీలో చేరింది. "ఆ యూనిఫాం వేసుకుంటే నడకే మారిపోద్దక్కా" అంది నాతో.

ఆదివారం మధ్యాహ్నాలు మేము తెలుగు ఆరాధన జరుపుకొనే హాలు ఒక జర్మన్ చర్చిది. అక్కడి హైత్సుంగ్ పాత రకం. గ్యాస్ మంటతో గాలిని వేడిచేసి ఫ్యానుతో హాల్లోకి తోస్తుంది. దానికి రెండు అంచెలు. ముందు చిన్న మంట, చాలకపోతే పెద్ద మంట. మన గ్యాసు పొయ్యికి సిమ్మూ హైయ్యూ ఉన్నట్టే. ఏటా చేసే సర్వీసు ఆ ఏడు కృపామణి వంతుకొచ్చింది. పక్కన ఎవరూ లేకుండా ఆమె చేసిన మొదటి పని అదే.

చలి ముదిరేసరికి ఆ హైత్సుంగ్ ఆదివారాల్లో మొరాయించడం మొదలుపెట్టింది. చిన్న మంట బాగానే వెలిగేది. పెద్ద మంట అందుకున్న కాసేపటికే అంతా ఆరిపోయి, కంట్రోల్ పెట్టె మీద ఎర్రదీపం వెలిగేది. సోమవారం జర్మన్లు వచ్చి బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు పనిచేసేది. కృపామణి పనిచేసే కంపెనీ యజమానిని అందరూ షెఫ్ అంటారు. మాటల మనిషి కాదు. "ఆఖరున చెయ్యి పెట్టింది నువ్వే. ముందు నీ పని చూసుకో" అన్నాడట. అప్పటికి ఆమె ఇంకా ప్రోబ్‌త్సైట్‌లోనే ఉంది. ఆ ఆర్నెల్ల పరీక్షాకాలంలో వద్దనుకుంటే కారణం కూడా చెప్పకుండా పంపేస్తారు.

ఆమెకు తిండి సయించలేదు. వారం మధ్యలో వెళ్ళి, నిప్పురవ్వ పుట్టించే కడ్డీ, మంటను కనిపెట్టే సెన్సారు, గ్యాస్ ప్రెషరు, పెద్ద మంటకు దారి తెరిచే వాల్వు, అన్నీ పరీక్ష చేసింది. అన్నీ బాగానే ఉన్నాయి. "ఏదో ఒకటి చెడిపోయుంటే బాగుండక్కా. ఏదీ చెడకపోతే ఇక తప్పు నా చేతిదే గదా" అంది. మనిషి చిక్కిపోతుంటే చూడలేక నాకు ఆ షెఫ్ మీద ఒళ్ళు మండింది.

ఆ ఆదివారం పాటలు అవగానే చీర మీదే కోటు తగిలించుకుని, బయటి మెట్ల మీదుగా నేలమాళిగలోకి దిగింది. టార్చి పట్టుకోవడానికి నన్నూ రమ్మంది. పెద్ద మంట అందుకుంది. వేడిగాలి గొట్టానికున్న థర్మామీటరు ముల్లు గబగబా పైకి పాకింది. టక్కున అంతా ఆరిపోయింది.

"మంటకేం రోగం లేదక్కా. మరీ వేడెక్కిపోతందని రక్షణ స్విచ్చు ఆపేస్తంది. ఆ వేడిని మోసుకుపోయే గాలే సరిగ్గా రావట్లేదు" అంది.

హాల్లోని చల్లగాలిని తిరిగి యంత్రానికి లాక్కొచ్చే గొట్టం ఇంకొకటుంది. ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ గొట్టం మూత కాస్త తీయగానే మాళిగలోని గాలి బుస్సున లోపలికి పోయింది. "పైన హాల్లో దీని నోరు మూసుకుపోయిందక్కా" అంటూ కృపామణి గబగబా మెట్లెక్కింది. వెనకాలే నేను, ఆయాసపడుతూ.

ఆ గొట్టం హాల్లో నేల మీది ఇనుప జాలీ దగ్గర తేలుతుంది. జర్మన్లు కుర్చీల్లో కూర్చుంటారు కాబట్టి దాని జోలికి పోరు. మాకు నేల మీద కూర్చుంటేనే ప్రార్థన చేసినట్టుంటుంది. చలి మొదలైన దగ్గర్నుంచి, ఆ జాలీ దగ్గర కాళ్ళకు గాలి కొడుతోందని మా సంఘపెద్ద ఇస్సాకు గారు ఏలూరు తివాచీని రెండు మడతలు వేసి దాని మీదే పరిచి కూర్చుంటున్నారు. ఆ తివాచీ కృపామణి పుట్టింటి నుంచి తెచ్చి సంఘానికిచ్చిందే. తనూ ప్రతి ఆదివారం దాని అంచునే కూర్చునేది. ఆరాధన కాగానే దాన్ని చుట్టి మూల పెట్టేసేవాళ్ళం.

మేం వెళ్ళేసరికి ఇస్సాకు గారు కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. ఆయన మొదలుపెడితే బిర్యానీ చల్లారాల్సిందే.

"ప్రభువా, ఈ హైత్సుంగ్‌ను నీ చేత్తో ముట్టు. మా కృపామణి ఉద్యోగం కాపాడు తండ్రీ" అంటున్నారు.

ప్రార్థన మధ్యలో పెద్దాయన్ని లేపడం మాలో లేదు. కృపామణి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. తీరా చూస్తే నవ్వు.

ఆమెన్ అనగానే, "అంకుల్, ఒక్కసారి లేవండి" అని తివాచీ లాగేసింది. మళ్ళీ మాళిగలోకి పరిగెత్తి బటన్ నొక్కింది. పెద్ద మంట అందుకుంది, నిలిచింది. కాసేపటికి హాల్లో ఒక్కొక్కరే కోట్లు విప్పడం మొదలుపెట్టారు. కృపామణి మెట్ల మీద కూలబడి ఇప్పుడు నిజంగానే ఏడ్చింది.

"నా చెయ్యి కాదక్కా" అంది.

సంగతి తెలిసి ఇస్సాకు గారు నొచ్చుకున్నారు. "నన్ను ముందే లేపొచ్చు గదమ్మా."

"మీరు ప్రార్థనలో ఉన్నారు గదండీ."

"నేనడిగిందీ అదే గదా తల్లీ."

మర్నాడు షెఫ్ స్వయంగా వచ్చి, జాలీ మీద తివాచీ పరిచి చూశాడు. పెద్ద మంట ఆరిపోయింది. తీసి చూశాడు, నిలిచింది. "నీ పని శుభ్రంగా ఉంది" అన్నాడట. ఆ మనిషి నోట అంత మాట రావడమే గొప్ప. చలికాలం పోయేసరికి ఆమె ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు తివాచీని జాలీకి దూరంగా పరుస్తున్నాం. కాళ్ళకు చలిగాలి కొడుతోందని ఎవరైనా గొణిగితే ఇస్సాకు గారే కసురుకుంటారు.

"కొట్టనివ్వండి. అది మా అమ్మాయి ఉద్యోగం."