గుండిగల అద్దె

బర్మాలోని మా ఊళ్ళో, పబేడాన్ సందులో సమోసాల నూనె కాగుతున్న వాసన తగిలితే చాలు, నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది. ఈ ఉదయమూ అంతే. రామ్మూర్తి మాస్టారు మాకు అర్థశాస్త్రం చెప్పింది తరగతి గదిలో కన్నా ఇక్కడి టీకొట్ల దగ్గరే ఎక్కువ. బర్మా పిల్లలు ఆయన్ని ‘సయా’ అనేవారు, మేం తెలుగువాళ్ళం ‘మాస్టారూ’ అనేవాళ్ళం. ఆయనకు కోపం ముక్కుమీదే ఉండేది. నవ్వు కూడా ఆ దగ్గర్లోనే ఎక్కడో ఉండేది.

ప్రభుత్వాలు దేనితో నడుస్తాయని ఒక ఆదివారం అడిగారు. ఆదాయపు పన్నుతో అని గడగడా ఒప్పజెప్పాను. ఆయన మమ్మల్నందరినీ కిటకిటలాడుతున్న ఓ టీకొట్టుకు లాక్కొచ్చి, “వ్యాపారం ఎలాగుంది అప్పన్నా?” అని యజమానిని పలకరించారు.

“ఏటుంది మాస్టారూ, ఈగలు తోలుకుంటన్నాం,” అన్నాడు అప్పన్న, మమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక దిక్కులు చూస్తూ.

పక్క బల్ల దగ్గర మా నాన్న ఉన్నాడు. మింగళాడోన్‌లో బట్టల ఫ్యాక్టరీ గుమాస్తా. మాస్టారు అడగ్గానే తన జీతమెంతో, అందులో పన్ను కింద ఎంత కోసుకున్నారో ఠక్కున చెప్పేశాడు. “సూసేరా?” అన్నారు మాస్టారు. “కనబడే ఆదాయం మీదే పడతాది పన్ను. మిగతావోళ్ళు ఈగలు తోలుకుంటారు.” అప్పన్నతో సహా అందరం పగలబడి నవ్వాం.

మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా తెలుగు కుటుంబాల సంఘానికి ఓ హాలు, అందులో తెలుగు నేర్పే సాయంత్రం బడి ఉన్నాయి. నేను అక్కడ పంతులమ్మగా చేరిన కొత్తలో, ఇంటింటి సంపాదనలోంచి వంతు తీసుకుని బడి నడపాలని తీర్మానించారు. ఉన్నవాడు ఎక్కువిస్తాడు, లేనివాడు తక్కువిస్తాడు. బాగుందని అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారొక్కరే లేచారు.

“న్యాయమే, నేను కాదన్ను. కానీ మనోళ్ళలో సానామంది ఒక్క బట్టల ఫ్యాక్టరీనే నమ్ముకున్నారు. అది మూతబడితే ఏటి సేస్తారు? రాజ్యమైనా సంఘమైనా ఇదే తంతు. జనం బాగున్నప్పుడు డబ్బు దండిగా ఒస్తాది, అవసరం పడ్డప్పుడే ఎండిపోతాది.”

అందరూ అవి అపశకునం మాటలన్నారు. కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ నిజంగానే మూతబడింది. మా నాన్నలాంటివాళ్ళ వంతులు ఆగిపోయాయి, కొట్లవాళ్ళేమో మళ్ళీ ఈగల కథే చెప్పారు. బడి మూసేద్దామన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా పిల్లలు ఇంట్లో తెలుగు వింటారు, జవాబు బర్మీస్‌లో ఇస్తారు. బడి పోతే ఆ వినడం కూడా పోతుందని నా భయం.

అప్పుడు మాస్టారు సంఘం గుండిగలకు అద్దె పెట్టమన్నారు. పెళ్ళయినా, చావయినా, అమ్మవారి పండగయినా వంటకు ఆ గుండిగలే కదలాలి. తాతల నాటి నుంచీ అవి ఉచితం.

“సావుభోజనానికీ డబ్బులేటి? సిగ్గు నేదా మనకి?” అని అప్పన్న లేచాడు.

“లేనోడికి ఒద్దులే,” అన్నారు మాస్టారు. “ ఉన్నోడు సంపాదన దాచగలడు గానీ, ఊరందరికీ పెట్టే భోజనం దాచలేడు కదా! వంతులూ ఉండనీ, అద్దె కూడా ఉండనీ.”

ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ వానాకాలంలోనే మాస్టారి భార్య పోయింది. పెద్దకర్మ భోజనాలకు గుండిగలు తీసుకెళ్ళడానికి ఆయనే వచ్చి, నా చేతిలో అద్దె పెట్టారు. వద్దు మాస్టారూ అంటూ తిరిగి ఇవ్వబోయాను.

“తీసుకో అమ్మా. మా ఇంట మొదలెడితే ఇంకెవరికీ సిగ్గుండదు,” అన్నారు.

గుండిగలు మోయడానికి వచ్చిన అప్పన్న తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత తన కూతురి పెళ్ళికి ఎవరూ అడక్కుండానే అద్దె కట్టాడు. బడి నిలబడింది.

ఇప్పుడు సంఘం వ్యవహారాలు చూసేది నేనే. చేతుల్లో పనుల్లేని కాలంలో అద్దె ఆదుకుంటుంది, పెళ్ళిళ్ళు లేని మూఢంలో వంతులు ఆదుకుంటాయి. ఎవరు ఏ పథకం తెచ్చినా “ఇదొక్కటీ ఆగిపోతే?” అని అడగడం నాకు అలవాటైపోయింది. విసుక్కుంటారు, విసుక్కోనీ!

మాస్టారు పోయినప్పుడు వాళ్ళబ్బాయి గుండిగల కోసం వచ్చాడు. మాస్టారింటి నుంచి కూడా అద్దెనా అన్నట్టు కమిటీవాళ్ళు నాకేసి చూశారు. నేను చెయ్యి చాపాను. ఏడుస్తూనే అద్దె తీసుకున్నాను. ఆ సాయంత్రమూ ఎప్పటిలాగే బడి తెరిచాను.