పడుగు ఆ కొసన మా నాయన

మొన్న ఎర్రగుంట్ల స్టేషన్లో బండి కోసం కాచుకుని, పొద్దుపోక పట్టాల వంక చూస్తే, దూరాన రెండూ ఒక్కటైపోయినట్టు కనిపించి, ఇన్నేళ్ళ తర్వాత కూడా నా వేళ్ళ కణుపులు చురుక్కుమన్నాయి. తెల్లవాళ్ళ కాలంలో కడపలో చదువుకున్న నా ఈడువాళ్ళకు డ్రాయింగు అయ్యవారి రూళ్ళకర్ర సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మాది మగ్గాల ఇల్లు. పొద్దున్నే మగ్గానికెక్కించే నిలువు పోగులు, అదే పడుగు, వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేవాళ్ళం. ఈ కొసన నేను, ఆ కొసన మా నాయన. పోగుకూ పోగుకూ ఎడం చెడకూడదన్నది మాకు ఉగ్గుపాలతో అబ్బిన చదువు. మద్రాసువాళ్ళ డ్రాయింగు పరీక్ష గట్టెక్కితే నాకు బళ్ళో డ్రాయింగు చెప్పే ఉద్యోగం వస్తుందని, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టే బాధ తనతోనే తీరిపోతుందని మా నాయన ఆశ. అయ్యవారు వీధిని గీయమంటే నేను మా వీధినే గీసేవాణ్ణి, పోగులన్నీ సమానంగా, ఆ కొసన మా నాయనను నిండు మనిషిగా. గీతలన్నీ ఒక్క చుక్కలోకి పోవాలని, దూరాన ఉన్నవాడు బొటనవేలంతే ఉండాలని అయ్యవారు చెరిపేసి రూళ్ళకర్రతో కణుపుల మీద వేసేవారు. సూత్రం అడిగితే గడగడా అప్పజెప్పేవాణ్ణే, కాగితం మీదికొచ్చేసరికి చెయ్యి మొండికేసేది. పోగులు అట్లా గుమిగూడితే పడుగు పాడైపోయినట్టే ఉండేది. రుద్ది రుద్ది కాగితం చిరిగేది, ఏడుపొచ్చేది, అయ్యవారి మీదా, ఆ పాడు చుక్క మీదా, చివరికి నా మీదా నాకే ఒళ్ళు మండేది. మొదటిసారి పరీక్ష తప్పాను.

మరుసటేడు పంతం పట్టి, అది మా నాయన అని తలచకుండా, ఎవరో మనిషి అనుకుని గీశాను. గీతలన్నీ బుద్ధిగా చుక్కలోకి పోయాయి. పరీక్ష గట్టెక్కి, కర్నూలులో ఉద్యోగం వచ్చింది. ఊరు వదిలే ముందు అటువంటి బొమ్మే ఒకటి గీసి మా నాయన చేతిలో పెట్టాను. చాలాసేపు చూసి, “ఈ సన్నోడు నేనేనా? ఆడనుంచి నీకు ఇంతే అగుపిస్తాండానా, నాయనా?” అన్నాడు. అది దూరం లెక్క అని చెప్పబోయాను. ఆయనే నవ్వేసి, బొమ్మను దూలం సందులో చెక్కి, గంజి కలపడానికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా వీధిలో పడుగులు పరిచేవాళ్ళు లేరు, బస్సులు తిరుగుతున్నాయి. దూరమయ్యేకొద్దీ మనిషి చిన్నవుతాడని ఎంతమంది పిల్లలచేత వల్లె వేయించానో, ఆ చదువుతోటే పింఛను కూడా తింటున్నాను. మా నాయన పోయి ఇంతకాలమైనా నా కంటికి రవ్వంత కూడా తగ్గలేదు. ఆ మాట ఆయనతో చెబుదామంటే ఆయన లేడు.